బిడ్డ పుట్టేలోపు ఆలుమగలు మాట్లాడుకోవాల్సిన మాటలు

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పేపర్లో వారం వారం గర్భిణుల కోసం వచ్చే సలహాలు మా ఇంట్లో శ్రద్ధగా చదువుతాం అండి. మా ఆవిడకి ఇప్పుడు ఏడో నెల, సాయంత్రం నేను పైకి చదువుతుంటే తను వింటూ ఉంటుంది. అవి బాగుంటాయి, పనికొస్తాయి కూడా, కానీ చదివిన కొద్దీ నాకు ఒక లోటు కనపడుతోంది, ఆ సలహాలన్నీ ఆవిడ ఒక్కదానికే. ఎలా పడుకోవాలి, ఎప్పుడు టెస్టులు చేయించుకోవాలి, ఏ లక్షణం కనపడితే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి, అన్నీ తల్లికే చెప్తారు, తండ్రి అనేవాడు ఆఖరి లైన్లో "భర్త సహకరించాలి" అన్న చోట మాత్రం కనపడతాడు. ఆ సహకారం అంటే ఏంటో ఎవరూ విడమర్చి చెప్పరు. బిడ్డని ఎలా పెంచాలి అనే విషయం ఇద్దరూ కూచుని ముందే మాట్లాడుకోవాలని ఎక్కడా రాయరు. అందుకే ఈ ఉత్తరం, కాస్త పెద్దదే ఔతుంది, ఓపిగ్గా చదవండి.

మాకు బిడ్డ పుట్టబోతోందని తెలిసిన దగ్గర్నుంచి కనపడ్డ వాళ్ళంతా అడిగేవి ఒకటే ప్రశ్నలు. పేరేం అనుకున్నారు, ఏ స్కూల్లో వేస్తారు, డాక్టర్ని చేస్తారా ఇంజనీర్ని చేస్తారా. ప్రేమతోనే అడుగుతారు, కాదనను. ఐతే వాటికి జవాబులు మా చేతిలో లేవు కదా, ఇంకా కళ్ళు తెరవని మనిషికి ఏది ఇష్టమౌతుందో మేమెలా చెప్తాం. మా చేతిలో ఉన్నది మేమే. అర్ధరాత్రి బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే నేనేం చేస్తాను తనేం చేస్తుంది, కోపం వచ్చినప్పుడు నా నోట్లోంచి ఎలాంటి మాట వస్తుంది, పెద్దవాళ్ళు ఒకటి చెప్పి డాక్టరు ఇంకోటి చెప్తే ఎవరి మాట వింటాం, వీటికి మాత్రం ఇప్పుడే జవాబులు వెతుక్కోవచ్చు. పెంపకానికి ప్లాన్ అంటే మేమిద్దరం ఎలా నడుచుకోవాలో ఒక మాట అనుకోవడమే అని నా గట్టి నమ్మకం.

దీనికోసం మేమిద్దరం ఒక నోట్‌బుక్కు పెట్టుకున్నాం. ఒక ప్రశ్న రాసి, ఎవరికి వాళ్ళం విడిగా జవాబు రాసి, తర్వాత ఒకరిది ఒకరం చదువుకుంటాం. విడిగా రాయడం చాలా ముఖ్యం అండి, ఎందుకంటే ఎదురెదురుగా కూచుని మాట్లాడుకుంటే ఒకరు చెప్పగానే ఇంకొకరు "అంతే అంతే" అనేసి ఊరుకుంటాం, మనసులో అసలు ఉన్నది బయటికి రాదు. మచ్చుకి ఒకటి చెప్తాను. "బిడ్డ పరిగెత్తుతూ కిందపడి ఏడిస్తే మన నోట్లోంచి వచ్చే మొదటి మాట ఏంటి?" అని రాసుకున్నాం. నేను "ఎక్కడ తగిలింది నాన్నా, ఏదీ చూపించు" అని రాశా. తను "ఏం కాలేదు, లే లే" అని రాసింది. రెండూ చూసి కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. ఇంత చిన్న విషయంలో ఇంత తేడానా అనిపించింది, ఆలోచిస్తే అవి మేము పెరిగిన ఇళ్ళలో మాకు వినపడ్డ మాటలు, తన చిన్నప్పుడు వాళ్ళమ్మ అన్న మాట తను రాసింది, నాకు మా నాన్న అన్న మాట నేను రాశా.

తనేమంటుందంటే "నువ్వు అలా కంగారుగా పరిగెత్తితే, అదేదో పెద్ద ప్రమాదం అనుకుని బిడ్డ ఇంకా ఎక్కువ భయపడుతుంది, ప్రతి చిన్నదానికీ మన మొహం చూసి ఏడవడం అలవాటౌతుంది" అని. నేనేమో "నొప్పి పెడుతున్న పిల్లతో ఏం కాలేదు అంటే తనకి తెలిసిందే తప్పని చెప్పినట్టు కదా, రేపు పెద్ద దెబ్బ తగిలినా వచ్చి చెప్పదు" అన్నా. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. చివరికి ఏం అనుకున్నామంటే పరిగెత్తకుండా దగ్గరికి వెళ్ళాలి, బిడ్డ ఎత్తులో కూచోవాలి, "పడ్డావా, నొప్పిగా ఉందా" అని మామూలు గొంతుతో అడిగి ఆగాలి, లేవాలా ఎత్తుకోమనాలా అనేది బిడ్డే తేల్చుకుంటుంది. ఇలాంటి పేజీలు ఇప్పుడు చాలా ఉన్నాయి, కొన్నింటి దగ్గర ఇద్దరం ఒక మాట మీదకి వచ్చాం, కొన్నింటి దగ్గర ఇంకా రాలేదు. రానివి కూడా ఇప్పుడే తెలియడం మంచిదే కదా, లేకపోతే అవి బిడ్డ ముందు బయటపడేవి.

ఈ ప్లాన్ బిడ్డ గురించి ఎందుకు ఉండకూడదు అంటానంటే దానికో కారణం ఉంది. 1956లో న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అని మానసిక వైద్యులైన భార్యాభర్తలు ఒక పరిశోధన మొదలుపెట్టారు, నూట ముప్పై మందికి పైగా పిల్లల్ని పసితనం నుంచి పెద్దయ్యేదాకా గమనించారు. పిల్లలు పుట్టడమే ఒక్కొక్కరు ఒక్కో స్వభావంతో పుడతారని వాళ్ళు చూపించారు. దాదాపు 40 శాతం మంది తేలిగ్గా అలవాటుపడే రకం, టైముకి తింటారు, టైముకి పడుకుంటారు, కొత్తవాళ్ళ దగ్గరికి పోతారు. 10 శాతం మంది ప్రతిదానికీ గట్టిగా స్పందించే రకం, వాళ్ళని సముదాయించడం కష్టం. 15 శాతం మంది కొత్తదేదైనా మెల్లమెల్లగా దగ్గరికి రానిచ్చే రకం. మిగతా వాళ్ళు ఏ ఒక్క రకంలోనూ పూర్తిగా ఇమడలేదు. ఇందులో ఏదీ తల్లిదండ్రుల తప్పూ కాదు గొప్పా కాదు. బిడ్డ స్వభావానికీ మన తీరుకీ పొంతన కుదిరిందా లేదా అన్నదే అసలు సంగతి అని వాళ్ళన్నారు.

ఇది చదివినప్పుడు మా అమ్మ మాట గుర్తొచ్చింది. "ఒకే కడుపున పుట్టారు, ఒకే ఇంట్లో పెరిగారు, నువ్వూ చెల్లీ ఒక్క విషయంలోనైనా ఒకేలా ఉన్నార్రా" అంటుంది. నిజమే. మాకు ఏ రకం బిడ్డ పుడుతుందో తెలీదు. మెల్లగా కలిసే పిల్ల పుడితే, చుట్టాల ముందు "నమస్తే చెప్పు, పాట పాడు" అని తోస్తే ఆ పిల్లకి నరకం. అదే చురుగ్గా ఎగిరే పిల్లని కదలకుండా కూచోమంటే అదీ నరకమే. కాబట్టి మేము రాసుకున్నది ఏంటంటే మొదటి ఏడాది బిడ్డకి ఏదో నేర్పేద్దామన్న తొందర పెట్టుకోకూడదు, బిడ్డని గమనించడమే మా పని. పక్కింటి పిల్ల ఎప్పుడు నడిచింది ఎప్పుడు మాట్లాడింది అనే లెక్కలు పెట్టుకోవద్దని కూడా రాసుకున్నాం, ఏదైనా అనుమానం వస్తే పిల్లల డాక్టర్ని అడుగుతాం, చుట్టాల్ని కాదు.

మేం ఎక్కువసేపు మాట్లాడుకుంది రాత్రుల గురించి. మొదటి మూడు నెలలు బిడ్డ రోజుకి 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది అంటే వినడానికి చాలా ఎక్కువ అనిపిస్తుంది, కానీ ఆ నిద్రంతా ముక్కలు ముక్కలుగా ఉంటుంది, పగలూ రాత్రీ తేడా ఇంకా తెలీదు, 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలు తాగాలి. అంటే తల్లికి రెండు మూడు గంటలకి మించి ఒకేసారి నిద్ర దొరకదు. అసలే కాన్పు నొప్పులు పడి, లేదంటే ఆపరేషన్ అయి కుట్లతో ఉన్న మనిషి. పాలివ్వడం ఒక్కటే నా వల్ల కాదు, మిగతావన్నీ నా వల్ల ఔతాయి. లేచి బిడ్డని తెచ్చివ్వడం, తాగాక భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా తట్టడం, తడిసిన గుడ్డ మార్చడం, మళ్ళీ పడుకోబెట్టడం, ఇవన్నీ మగవాడి చేతులు కూడా చెయ్యగలిగిన పనులే. మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, మేమూ అలాగే అనుకుంటున్నాం, ఐతే ఏ కారణం చేతనైనా అది కుదరకపోతే ఇంట్లో ఎవరూ తనని ఒక్క మాట అనకూడదు, ఆ మాట రాకుండా అడ్డుపడాల్సింది నేను.

ఏడుపు సంగతి ప్రతి కాబోయే తండ్రికీ ముందే తెలియాలి అండి. పసిబిడ్డ ఏడుపు రెండో వారం నుంచి పెరుగుతూ పోయి, దాదాపు ఆరో వారానికి బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకి తగ్గుముఖం పడుతుంది. కడుపు నిండినా, గుడ్డ పొడిగా ఉన్నా, ఒంట్లో బాగానే ఉన్నా కూడా కొన్ని సాయంత్రాలు ఊరికే ఏడుస్తారు. ఇక మన మొహం చూసి బిడ్డ నవ్వేది ఆరు నుంచి ఎనిమిది వారాలప్పుడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, ఏడుపు ఎక్కువగా ఉండే ఆ నెలన్నరలోనే నవ్వు ఇంకా మొదలవ్వదు, అంటే మన కష్టానికి తిరిగి ఏమీ కనపడని రోజులు, నిద్రలేని రోజులు, ఒకేసారి వస్తాయి. చాలామంది తండ్రులు "బిడ్డకి నేనంటే పడట్లేదు, అమ్మ దగ్గరే ఊరుకుంటుంది" అని పక్కకి తప్పుకునేది సరిగ్గా అక్కడే. ముందే తెలిస్తే ఆ కొద్ది వారాలు ఓర్చుకుంటారు.

ఇందులో ప్రమాదం కూడా ఉంది, అది మృదువుగా చెప్పే విషయం కాదు కాబట్టి సూటిగానే రాస్తున్నా. ఏడుపు ఆగక, విసుగొచ్చి, బిడ్డని రెండు చేతులా పట్టుకుని గట్టిగా ఊపేసేవాళ్ళు ఉంటారు. పసిబిడ్డ మెడకి బలం ఉండదు, అలా ఊపితే తల లోపల రక్తనాళాలు చిట్లుతాయి, చూపు పోవచ్చు, మెదడు దెబ్బతినొచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుకని మా నోట్‌బుక్కులో ఒక పేజీ మొత్తం దీనికే. "నా వల్ల కావట్లేదు" అని ఎవరం అన్నా సరే, రెండోవాళ్ళు ఎందుకు ఏమిటి అని అడక్కుండా లేచి బిడ్డని అందుకోవాలి, తెల్లారాక దాని గురించి దెప్పిపొడవకూడదు. ఇంట్లో ఒక్కరమే ఉంటే బిడ్డని వెల్లకిలా క్షేమమైన చోట పడుకోబెట్టి, కొన్ని నిమిషాలు గది బయటికి వచ్చి, మంచినీళ్ళు తాగి, ఎవరికైనా ఫోన్ చేసి అప్పుడు మళ్ళీ లోపలికి వెళ్ళాలి. ఏడ్చినందువల్ల ఆ కొన్ని నిమిషాల్లో బిడ్డకి ఏమీ కాదు, మన కోపంలో ఊపితే ఔతుంది.

పడుకోబెట్టడం అంటే గుర్తొచ్చింది, మా ఇంట్లో పెద్ద చర్చ జరిగింది దీని మీదే. మా అత్తగారు "బోర్లా పడుకోబెడితే ఉలిక్కిపడకుండా హాయిగా నిద్రపోతుంది బాబూ, మా పిల్లల్ని అలాగే పెంచాం" అన్నారు. ఆవిడ అనుభవాన్ని నేను తీసిపారెయ్యను, ఒకప్పుడు చాలా దేశాల్లో డాక్టర్లే అలా చెప్పారు. 1992లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం బోర్లా వద్దు అని చెప్పింది, 1994 నుంచి అక్కడ వెల్లకిలా పడుకోబెట్టండి అని పెద్ద ప్రచారం చేశారు, ఆ తర్వాత నిద్రలో హఠాత్తుగా చనిపోయే పసిపిల్లల సంఖ్య సగానికి పైగా తగ్గింది. ఈ విషయం ఆవిడకి ఎవర్నీ తప్పుపట్టకుండా చెప్పాను, "అప్పుడు మీకెవరూ చెప్పలేదు అత్తయ్యా, ఇప్పుడు మాకు చెప్పారు, తెలిసీ చెయ్యకపోతే ఎలా" అంటే ఆవిడ కాసేపు ఆలోచించి సరే అన్నారు. వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండ్లూ దుప్పట్లూ బొమ్మలూ ఏవీ పక్కన లేకుండా, మా గదిలోనే కానీ వేరే పక్క మీద. మెలకువగా ఉన్నప్పుడు మనం చూస్తుండగా బోర్లా వేస్తే మెడకి బలం వస్తుందని కూడా చెప్పాను, దాంతో ఆవిడకి సంతోషం వేసింది, ఆ పని ఆవిడే చూసుకుంటానన్నారు.

తల్లి మనసు గురించి మీ సలహాల్లో వచ్చేది ఒకటి రెండు లైన్లే, అది చాలదు సార్. కాన్పైన కొన్ని రోజులకి ఊరికే ఏడుపు రావడం, చిరాకు, గుబులు చాలామంది తల్లులకి ఉంటాయి, రెండు వారాల్లోపు అవే సర్దుకుంటాయి. సర్దుకోకుండా ఉండిపోతే, బిడ్డ మీద ధ్యాస లేకపోతే, బిడ్డ నిద్రపోతున్నా తనకి నిద్ర పట్టకపోతే, "నేను పనికిరాని తల్లిని" అనుకోవడం మొదలుపెడితే అది జబ్బు, దానికి వైద్యం ఉంది. ప్రపంచవ్యాప్తంగా కాన్పైన ఆడవాళ్ళలో దాదాపు 13 శాతం మందికి మానసిక సమస్య, ముఖ్యంగా డిప్రెషన్, వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. దాన్ని కనిపెట్టడానికి 1987లోనే ఎడిన్‌బరా స్కేల్ అని పది ప్రశ్నల కాగితం ఒకటి తయారుచేశారు, నింపడానికి ఐదు నిమిషాలు చాలు, చాలా దేశాల్లో డాక్టర్లూ నర్సులూ వాడతారు. ఆ స్థితిలో ఉన్న మనిషి తనంతట తాను "నాకు బాలేదు" అని చెప్పడం కష్టం, చుట్టూ అందరూ బిడ్డని చూసి సంబరపడుతుంటే ఆ మాట నోట్లోంచి ఎలా వస్తుంది. కనిపెట్టాల్సింది పక్కనున్నవాడు. మేము ముందే అనుకున్నాం, నాకు అనుమానం వస్తే తనని ఒప్పించేదాకా ఆగకుండా డాక్టరుకి ఫోన్ చేస్తా, తను దానికి కోపం తెచ్చుకోదు. తండ్రులకి కూడా ఇలాంటి దిగులు రావొచ్చు, నాకొస్తే తను చేస్తుంది.

ఇక కొట్టడం. ఇది రాసినప్పుడు మా ఇద్దరి జవాబూ ఒకటే, కొట్టం. స్వీడన్ 1979లోనే పిల్లల్ని కొట్టడాన్ని, ఇంట్లో కూడా, చట్టం పెట్టి ఆపేసింది, ప్రపంచంలో అదే మొదటిది, ఇప్పుడు అరవైకి పైగా దేశాలు ఆ దారిలోకి వచ్చాయి. 1989లో ఐక్యరాజ్యసమితి చేసిన బాలల హక్కుల ఒప్పందం 19వ అధికరణలో పిల్లల్ని అన్ని రకాల హింస నుంచీ కాపాడాలని ఉంది. ఐతే కొట్టం అని రాసుకున్నంత మాత్రాన పని అయిపోదు, కొట్టకపోతే మరి ఏం చేస్తాం అనేది రాసుకోవాలి, లేకపోతే కోపం వచ్చిన రోజు చెయ్యి దానంతట అదే లేస్తుంది. 1960లలో డయానా బామ్‌రిండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తల్లిదండ్రుల తీరుల్ని విడదీసి చూపించింది, చెప్పింది చెయ్ అంతే అనేవాళ్ళు ఒక రకం, ఏం చేసినా సరే అనేవాళ్ళు ఇంకో రకం, ప్రేమగా ఉంటూనే హద్దు హద్దే అని నిలబడి కారణం చెప్పేవాళ్ళు మూడో రకం. ఈ మూడో తీరులో పెరిగిన పిల్లలే ఎక్కువగా తమ మీద తమకి నమ్మకంతో, తమని తాము అదుపు చేసుకోగలిగేలా ఉన్నారని ఆవిడ గమనించింది.

మేము ఆ మూడో తీరు అనుకున్నాం. చెప్పడం తేలిక, అందుకే ఉదాహరణలు వేసుకుని మాట్లాడుకున్నాం. రెండేళ్ళ పిల్ల బజారులో కిందపడి దొర్లి ఏడుస్తోంది, నలుగురూ చూస్తున్నారు, ఏం చేస్తాం? ఎత్తుకుని పక్కకి తీసుకెళ్తాం, ఏడుపు తగ్గేదాకా పక్కనే కూచుంటాం, అడిగింది మాత్రం కొనం. చూసేవాళ్ళ కోసం కొట్టం, చూసేవాళ్ళ కోసం కొనం. ఆ వయసు పిల్లలకి కోపాన్ని ఆపుకునే శక్తి మెదడులో ఇంకా తయారవ్వదు, వాళ్ళు మనల్ని సాధిద్దామని ఏడవరు. ఇంకోటి, హద్దులు తక్కువ పెట్టుకోవాలి, పెట్టుకున్నవి ఇద్దరం పాటించాలి. ఒకళ్ళం వద్దన్నది ఇంకొకళ్ళం చాటుగా ఇవ్వకూడదు, ఇచ్చామంటే పిల్లలు ఆ సందు వెంటనే కనిపెట్టేస్తారు. ఒకళ్ళు చెప్పింది రెండోవాళ్ళకి నచ్చకపోతే బిడ్డ ముందు కాదు, పడుకున్నాక మాట్లాడుకుంటాం. మేము గట్టిగా అరిచిన రోజు బిడ్డ దగ్గర కూచుని "నేను అరవకుండా ఉండాల్సింది, సారీ" అని చెప్పాలని కూడా రాసుకున్నాం, దీనికి మా నాన్న ఒప్పుకోలేదు, పిల్లలకి సారీ చెప్తే లోకువైపోతారంటాడు. ఈ ఒక్క విషయంలో నేను ఆయన మాట వినదలచుకోలేదు.

ఫోన్ సంగతి మాత్రం బిడ్డ గురించి అనుకుని మొదలుపెడితే మా మీదకే వచ్చింది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినదాని ప్రకారం ఏడాది లోపు పిల్లలకి స్క్రీన్ అసలు వద్దు, రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ దాకా రోజుకి గంటకి మించొద్దు, ఇంకా తక్కువైతే ఇంకా మంచిది. బిడ్డకి ఫోన్ ఇవ్వం సరే, మరి బిడ్డని ఒళ్ళో పెట్టుకుని మేం ఫోన్ చూస్తుంటే? పుట్టిన బిడ్డకి స్పష్టంగా కనపడేది 20, 30 సెంటీమీటర్ల దూరమే, అంటే ఎత్తుకున్నవాళ్ళ మొహం. ఆ మొహం ఎప్పుడు చూసినా పక్కకి తిరిగి ఉంటే ఎలా. అందుకని పాలిచ్చేటప్పుడు, ఎత్తుకున్నప్పుడు, పడుకోబెట్టేటప్పుడు ఇద్దరి ఫోన్లూ వేరే గదిలో ఉంటాయి. బిడ్డ ఫొటోలు అందరికీ కనపడేలా నెట్‌లో పెట్టం, అది బిడ్డ మొహం, పెట్టాలా వద్దా అని చెప్పే వయసు బిడ్డకి వచ్చేదాకా ఆగుతాం. చుట్టాలకి ఇది ముందే చెప్పేశాం, కొందరు నొచ్చుకున్నారు, తప్పదు.

మాటల గురించి ఒక విషయం చెప్పాలి. పుట్టిన మూడు రోజుల్లోపు పిల్లలు వేరే ఆడమనిషి గొంతు కంటే తల్లి గొంతు వినడానికే ఇష్టపడతారని 1980లో డికాస్పర్, ఫైఫర్ అనే పరిశోధకులు చూపించారు, కడుపులో ఉండగా నెలల తరబడి విన్న గొంతు కదా. అది చదివి నేను సంబరపడి, నా గొంతు సంగతి ఏంటా అని వెతికా. 1984లో అదే డికాస్పర్ ఇంకొకరితో కలిసి తండ్రి గొంతుతో కూడా చేసి చూశాడు, పుట్టిన పిల్లలకి తండ్రి గొంతు మీద అలాంటి ప్రత్యేకమైన ఇష్టం కనపడలేదు. మొదట మనసుకి కష్టం అనిపించిన మాట నిజం. తర్వాత అనిపించింది, తల్లితో పరిచయం కడుపులోనే ఐపోతుంది, తండ్రి పుట్టాక సంపాదించుకోవాలి, దానికి ఉన్న దారి రోజూ దగ్గర ఉండటమే. స్నానం చేయించడం, గుండెకి ఆనించుకుని పడుకోబెట్టడం, బట్టలు మారుస్తూ మాట్లాడటం. ఇదంతా "మగవాళ్ళకి చేతకాదులే" అని ఆడవాళ్ళు లాక్కోకూడదు, మగవాళ్ళు వదిలెయ్యకూడదు. పుట్టగానే ఏ తల్లికీ కూడా ఇవన్నీ వచ్చి ఉండవు కదా, చేసి చేసి నేర్చుకుంటుంది, మేమూ అంతే.

ఖర్చులు, ఎవరి జీతంలోంచి ఎంత, అవన్నీ కూడా రాసుకున్నాం, అవి ఎవరి ఇంటిని బట్టి వాళ్ళకి ఉంటాయి. ఆడపిల్ల పుట్టినా మగపిల్లాడు పుట్టినా ఇంటి పని ఒకేలా నేర్పుతాం అని కూడా రాసుకున్నాం, దీని మీద చర్చే లేదు.

ఇదంతా విని మా అమ్మ "ఇంత రాసుకుని పెంచుతార్రా ఎవరైనా, మాకెవరు ప్లాన్లు వేశారు" అంది. ఆవిడ మాటలో ఒక హెచ్చరిక ఉంది, అది నేను తీసుకున్నా. రాసుకున్నది తప్పితే ఏదో ఘోరం జరిగిపోయినట్టు బాధపడే అమ్మానాన్నలు ఉంటారు, పుస్తకంలో ఉన్నట్టు జరగలేదని బిడ్డనే తప్పుపట్టేవాళ్ళూ ఉంటారు. డొనాల్డ్ వినికాట్ అని పిల్లల డాక్టరు, మనసు డాక్టరు కూడా, 1950లలోనే చెప్పాడు, బిడ్డకి ఏ లోపమూ లేని తల్లి అక్కర్లేదు, సరిపడా మంచి తల్లి చాలు అని, తల్లి మెల్లమెల్లగా కొన్నిసార్లు అందకపోవడం వల్లే బిడ్డ లోకాన్ని తట్టుకోవడం నేర్చుకుంటుంది అని. ఎడ్ ట్రోనిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తల్లీబిడ్డల్ని వీడియోలు తీసి చూస్తే బాగా కలిసిమెలిసి ఉండే జంటల్లో కూడా ఒకరి భావం ఇంకొకరికి సరిగ్గా అందేది దాదాపు 30 శాతం సమయంలోనే, మిగతాదంతా తప్పడం, మళ్ళీ కలుపుకోవడం. ఇది చదివాక మా ఇద్దరికీ గుండె తేలికపడింది. అందుకే మా నోట్‌బుక్కు పెన్సిల్‌తోనే రాస్తున్నాం, బిడ్డ వచ్చాక తనని చూసి మార్చుకుంటాం.

చివరిగా నేను అడిగేవి కొన్ని ఉన్నాయి. చెకప్పుకి వెళ్ళినప్పుడల్లా మేము వెళ్ళే ఆస్పత్రిలో "సార్ మీరు బయట కూచోండి" అంటారు. నేను బయట కుర్చీలో కూచుంటా, లోపల డాక్టరుగారు చెప్పిందంతా తను గుర్తుపెట్టుకుని వచ్చి నాకు చెప్పాలి, సగం మర్చిపోతుంది, పాపం తనకి ఉన్న కంగారు తనకి ఉంటుంది. లోపల వేరే ఆడవాళ్ళు ఉంటారు, వాళ్ళకి ఇబ్బంది, అది నాకు అర్థమైంది. కానీ పరీక్ష అయిపోయాక ఒక్క ఐదు నిమిషాలు భర్తనీ కూచోబెట్టి మాట్లాడొచ్చు కదా. వెల్లకిలా పడుకోబెట్టడం, బిడ్డని ఊపకపోవడం, తల్లి దిగులుని కనిపెట్టడం, ఈ మూడూ తండ్రికి నేరుగా చెప్తే చాలు, ఎన్నో ఇళ్ళకి మేలు. డాక్టర్లు మీ పేపరు చదువుతారు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

సెలవుల సంగతీ అంతే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒప్పందం తల్లికి కనీసం 14 వారాల సెలవు ఉండాలంటుంది. తండ్రి దగ్గరికి వచ్చేసరికి చాలా చోట్ల కొద్ది రోజులే, అదీ అడిగితే ఆఫీసులో "నువ్వుండి ఏం చేస్తావు" అంటారు. నేను పైన రాసిన ఆరో వారం ఏడుపు, ఆ నిద్రలేని రాత్రులు, అవన్నీ ఆ కొద్ది రోజులు అయిపోయాకే వస్తాయి. దీని మీద మీరు ఒక మంచి వ్యాసం రాయించండి, ఉద్యోగాలిచ్చేవాళ్ళ చేత కూడా మాట్లాడించండి.

మీ గర్భిణుల పేజీలో వారానికి ఒక్క ప్రశ్నైనా ఇద్దరినీ ఉద్దేశించి వెయ్యండి, జవాబు పిల్లల డాక్టర్ల చేత, మనసు డాక్టర్ల చేత రాయించండి. మాలాగే మాట్లాడుకుంటున్న జంటలు ఎక్కడైనా ఉంటే వాళ్ళ ప్రశ్నలు మీకు పంపమని కోరుతున్నా. ముఖ్యంగా సెలవులు అయిపోయి ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్ళాక, పగలంతా బిడ్డని చూసుకునే మనిషితో, అది మన పెద్దవాళ్ళైనా డబ్బిచ్చి పెట్టుకున్నవాళ్ళైనా, వీటిలో ఏవి గట్టిగా చెప్పాలి, ఏవి వాళ్ళ ఇష్టానికి వదలాలి అన్న పేజీ దగ్గర మేము ఇంకా తేల్చుకోలేక ఆగి ఉన్నాం. అనుభవం ఉన్నవాళ్ళు రాస్తే చదువుకుంటాం.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక కాబోయే తండ్రి